గోదావరి అవతల గుడ్డు ఉంది, ఇవతల ఎందుకు లేదు?

పోస్టు పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి. నచ్చకపోతే వచ్చే సమావేశంలో మమ్మల్ని తిట్టండి. కానీ చదివి తిట్టండి.

పోయిన సమావేశంలో మేము నలుగురం లేచి ఒక మాట అన్నాం. ఈసారి వార్షికోత్సవంలో శాలువలు, మెమెంటోలు, ఫ్లెక్సీలు మానేద్దాం, ఆ డబ్బు బడిపిల్లల తిండి మీద పెడదాం అని. మూడు రకాల జవాబులొచ్చాయి. "అది సర్కారు పని" అన్నారు కొందరు. "పిల్లల తిండి తల్లిదండ్రుల బాధ్యత" అన్నారు ఇంకొందరు. "సంఘం డబ్బుతో గుడ్లా? మనలో తినని వాళ్లు లేరా?" అన్నారు మిగిలినవాళ్లు. వెనక వరసలో నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. ఆ మూడు జవాబులకూ, ఆ నవ్వుకూ కలిపి ఈ పోస్టు.

ముందు మేము చూసింది చెప్తాం. పేర్లు రాయం, ఎందుకంటే తప్పు ఒక్క బడిది కాదు. మన సిరొంచ తాలూకాలో ఒక జిల్లా పరిషద్ శాళకు మధ్యాహ్నం పూట పోయాం. పిల్లలు వరసగా కూర్చున్నారు. పళ్లాల్లో పసుపు రంగు ఖిచిడీ. పప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. వండిన అక్కను తప్పు పట్టలేం. ఆమె ఇచ్చినదాన్ని వండింది, కట్టెల పొగలో వండింది, చాలీచాలని మానధనానికి వండింది. నాలుగు ముద్దలు తిన్న పిల్లలు పళ్లాలు కడిగేసి గేటు వైపు పరుగు తీశారు. గేటు బయట కొట్టు. కొట్టుకు దండల్లా వేలాడే అయిదు రూపాయల ప్యాకెట్లు. పది నిమిషాల్లో గేటు ముందంతా ప్లాస్టిక్ కాగితాలే.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఈ పోస్టుకు విలువ లేదు. మా నలుగురిలో ఒకరికి ఒక బడి దగ్గర కిరాణా కొట్టుంది. ఆ ప్యాకెట్లు అమ్మింది మేమే. సాయంత్రం గల్లా లెక్క పెట్టుకున్నదీ మేమే. అందుకని వేలెత్తి చూపించేటప్పుడు మొదటి వేలు మా వైపే తిప్పుకుంటున్నాం.

ఒక లెక్క చూడండి. రోజుకు రెండు ప్యాకెట్లంటే పది రూపాయలు. నెలకు ఇరవై అయిదు రోజులనుకుంటే 250 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలు అనుకున్నా ఆ డబ్బుకు 35 గుడ్లొస్తాయి. మిర్చి ఏరడానికి తెలంగాణకు కూలికి పోయే తల్లి, పోయేముందు పిల్లవాడి చేతిలో పది రూపాయలు పెట్టి పోతుంది. ఆ పది రూపాయల్లో ఆమె ప్రేమ ఉంది. దాన్ని ఉప్పుకూ నూనెకూ మార్చి తీసుకుంటున్నది మనం.

ఇప్పుడు "తల్లిదండ్రుల బాధ్యత" అన్నవాళ్లకు జవాబు. పొద్దున ఆరింటికి ట్రాక్టరెక్కే తల్లి ఏం పెట్టి పోతుంది? చాయ్, రెండు బిస్కెట్లు. పిల్లవాడు వాటితోనే మధ్యాహ్నం దాకా ఉంటాడు. బడిలో పెట్టే ఆ ఒక్క పూట అన్నమే చాలా ఇళ్లలో పిల్లల అసలు భోజనం. బాధ్యత తెలియక కాదు, పూట గడవక. పొలం, కొట్టు, నౌకరీ ఉన్న మనం, కూలికి పోయే తల్లికి బాధ్యత గురించి చెప్పడం కడుపు నిండినవాడి మాట.

తర్వాత "సర్కారు పని" అన్నవాళ్లకు. మీరు చెప్పింది నిజం. నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఆ పని చేయమని సర్కారును ఎప్పుడైనా అడిగామా?

బడిలో వండిన అన్నం పెట్టడం ఎవరి దయా కాదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో స్పష్టంగా చెప్పింది. ప్రతి సర్కారు ప్రాథమిక పాఠశాలలో వండిన భోజనం పెట్టాలి, కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రోటీన్ ఉండాలి, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలి అని. 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని చట్టంగా నిలబెట్టింది. ఇవాళ్టి లెక్క ప్రకారం అయిదో తరగతి దాకా చదివే పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్.

కాగితం మీద బాగానే ఉంది. ఆ 12 గ్రాములు ఎక్కడ నుంచి వస్తాయో చూడండి. ఏడెనిమిది గ్రాములు బియ్యం నుంచే. మిగతా నాలుగున్నర పప్పు నుంచి. అంటే పప్పు పలచబడ్డ రోజున పిల్ల తిన్నది ఒట్టి బువ్వే. ఒక్క గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అదీ ఒంటికి బాగా పట్టే రకం. ఇంకో గుణం కూడా ఉంది. పప్పులో నీళ్లు కలపొచ్చు, నూనెలో కోత పెట్టొచ్చు. గుడ్డులో నీళ్లు కలపడం ఎవరి తరమూ కాదు. పళ్లెంలో ఉందా లేదా అన్నది ఒకటో తరగతి పిల్ల కూడా చెప్పగలదు. గుడ్డంటే కొందరికి అంత ఇబ్బంది ఎందుకో ఇక్కడ కొంచెం ఆలోచించండి.

మన రాష్ట్రంలో గుడ్డు కథ ఇది. 2023 నవంబరులో మహారాష్ట్ర సర్కారు బడిపిల్లలకు వారానికి ఒక గుడ్డు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చింది. తినని పిల్లలకు అరటిపండు. వారానికి ఒక్కటే అయినా సంతోషించాం. 2025 జనవరిలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. గుడ్డుకూ, చక్కెరకూ ఇక సర్కారు డబ్బులివ్వదు. కావాలంటే బడులే "లోక్ సహభాగ్"తో, అంటే ఊరి చందాలతో పెట్టుకోవచ్చు అని. ఆ గుడ్డుకు ఏడాదికయ్యే ఖర్చు సుమారు 50 కోట్ల రూపాయలని పత్రికల్లో వచ్చింది. ఇంత పెద్ద రాష్ట్రానికి అది బరువైందట.

చందాలు పుణెలో వస్తాయి, ముంబైలో వస్తాయి. మన రేగుంటలో, ఆసరల్లిలో, అంకీసలో ఎవరిస్తారు? గుడ్డు అవసరం ఎక్కడ ఎక్కువో చందా అక్కడ తక్కువ. పేదవాడి పిల్లకు పేదవాడే చందా వేసి పెట్టుకోవాలనడం న్యాయమేనా?

ఇప్పుడు వంతెన దాటి కాళేశ్వరం పోదాం. అవతలా మన భాషే, మన చుట్టరికాలే. మన ఆడబిడ్డలు అక్కడ ఉన్నారు, అక్కడి ఆడబిడ్డలు మన ఇళ్లలో ఉన్నారు. తెలంగాణ బడుల్లో మెనూ ప్రకారం వారానికి మూడు గుడ్లు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదు గుడ్లు, పైన రాగిజావ, పల్లీ చిక్కీ. అక్కడ ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఎవరొచ్చినా ఏ వేళకొచ్చినా అన్నం పెట్టిన తల్లి ఆమె. తమిళనాడులో బడి నడిచే రోజుల్లో రోజుకొక గుడ్డు. ఒక అక్క పిల్లలు సిరొంచలో, చెల్లెలి పిల్లలు కాళేశ్వరంలో చదువుతుంటే, ఒకరి పళ్లెంలో గుడ్డుండి ఇంకొకరి పళ్లెంలో లేకపోవడానికి కారణం మధ్యలో పారే నది ఒక్కటే.

అవతలి ఒడ్డు స్వర్గమని మేము చెప్పడం లేదు. అక్కడ బిల్లులు ఆలస్యమవుతాయి, వండే అక్కలు ధర్నాకు కూర్చుంటారు. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరులో బడి భోజనం తిన్న పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. లోపాలున్నాయి. కానీ గుడ్డు మెనూలో ఉంటే, పెట్టని రోజున "ఎందుకు పెట్టలేదు" అని అడగొచ్చు. మెనూలోనే లేనిదాన్ని ఏమని అడుగుతాం?

ఇంకా వింత మన తాలూకాలోనే ఉంది. సిరొంచ షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ అబ్దుల్ కలాం అమృత్ ఆహార్ యోజన కింద ఏడు నెలల నుంచి ఆరేళ్ల దాకా అంగన్‌వాడీ పిల్లలకు వారానికి నాలుగుసార్లు గుడ్డు లేదా అరటిపండు ఇవ్వాలి. ఇచ్చేదీ ఇదే మహారాష్ట్ర సర్కారు. అంటే ఈ పిల్లలకు గుడ్డు అవసరమని సర్కారుకు తెలుసు. ఒప్పుకుంది, జీవో తీసింది. అదే పిల్ల ఆరేళ్లు నిండి పలక పట్టుకుని పక్క గదిలో ఒకటో తరగతిలో కూర్చోగానే ఆ అవసరం తీరిపోతుందా? పుట్టినరోజు నాడు పిల్లకు ఏదైనా ఇస్తారు గానీ, చేతిలో ఉన్నది లాక్కుంటారా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మహారాష్ట్రలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని, 36.1 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరని తేలింది. ముంబై, పుణె, నాగపూర్ కలుపుకున్న లెక్కే ఇది. గడ్చిరోలి అడవి ఊళ్ల సంగతి మీకు వేరే చెప్పనక్కర లేదు. బళ్లో వరసలో నిలబడ్డ అయిదో తరగతి పిల్లల్ని చూసి మూడో తరగతి అనుకున్న రోజులు మీకూ ఉన్నాయి, మాకూ ఉన్నాయి.

ఇక మూడో మాట, "మనలో తినని వాళ్లు లేరా" అన్నది. ఉన్నారు. వాళ్లను గౌరవిస్తాం. మాలో ఒకరి ఇంట్లోనూ తినరు. తినని పిల్లకు అరటిపండు ఇవ్వాలి, పక్కన కూర్చోబెట్టే ఇవ్వాలి, బలవంతం చేయకూడదు. కానీ మా ఇంట్లో తినం కాబట్టి ఊళ్లో ఏ పిల్లా తినకూడదనడం ఏ ధర్మం? మన చుట్టూ ఉన్న మాడియా, కోయ, నాయకపోడు, నేతకాని, మత్స్యకార ఇళ్ల పిల్లలు చేప, కోడి, గుడ్డు తినే పెరుగుతారు. వాళ్ల ఇంటి తిండిని బడిలోకి రానివ్వకపోతే, మీ తిండి తక్కువది అని ఆ పిల్లకు రోజూ చెప్పినట్టే.

గుడ్డొక్కటే సర్వరోగ నివారిణి అనీ మేము అనడం లేదు. మన తిండి మనమే మర్చిపోయాం. బొబ్బర్ల గుడాలు, పల్లీ పట్టీ, జొన్న గట్క, మునగాకు పప్పు, పుంటికూర, తోటకూర, వేసవిలో అంబలి, అడవిలో తునికిపళ్లు, మొర్రిపళ్లు, చలికాలం రేగుపళ్లు, ఉసిరికాయలు. ఇవి మన పిల్లలకు ఇప్పుడు "పాతకాలం తిండి". ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన ఇంత నిమ్మరసమో ఉసిరో ఉండాలి, అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. పెద్ద ఖర్చు లేని విషయాలు ఇవి. బడి వెనక పరస్‌బాగ్ వేయాలని సర్కారే చెబుతుంది. నాలుగు మునగ చెట్లు, రెండు నిమ్మ చెట్లు, ఒక తోటకూర మడి చాలు. చేతులు కడిగిన నీళ్లు పారితే పెరుగుతాయి. మనం మాత్రం ఆగస్టు 15కు బడికి పోయి జెండాకు దండం పెట్టి, పిల్లల చేతుల్లో చాక్లెట్లు, క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్లు పోసి ఫోటో దిగి వస్తాం. సంఘం గ్రూపులో ఆ ఫోటోలు ఇంకా ఉన్నాయి. వాటిలో మేమూ ఉన్నాం.

కొట్టు సంగతికి వస్తే చట్టం ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నియమాల ప్రకారం, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి లోపల గానీ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదు. 50 మీటర్లంటే ఎంతో మేము అడుగులతో కొలిచాం. మా కొట్టు లోపలే పడింది. ఆ రోజు నుంచి ప్యాకెట్ల దండలు తీసేశాం. వేయించిన పల్లీలు, పుట్నాలు, అరటిపళ్లు, ఉడికించిన గుడ్లు పెట్టాం. మొదటి వారం గల్లా సగమైంది. అబద్ధం చెప్పం, ఇప్పటికీ మునుపటంత లేదు. పక్క కొట్టువాళ్లు అమ్ముతూనే ఉంటే పిల్లలు అటే పోతారు. అందుకే ఇది ఒక్క కొట్టుతో అయ్యే పని కాదు, సంఘం మాటగా పోవాలి. మన సభ్యుల కొట్లే నాలుగైదు ఉన్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవాలి కదా.

"సర్కారు గుడ్డు ఆపితే మనమెందుకు పెట్టాలి, పెడితే వాళ్లు హాయిగా తప్పుకుంటారు" అని ఒక పెద్దాయన అన్నారు. ఆ మాటకు మేము చాలా రోజులు జవాబు వెతుక్కున్నాం. ఆయన భయం నిజమైనదే. కేంద్రం 2025 మే 1 నుంచి ఇస్తున్న లెక్క ప్రకారం, ప్రాథమిక తరగతి పిల్లకు రోజుకు పప్పు, కూర, నూనె, దినుసులు, వంటచెరకు అన్నిటికీ కలిపి 6 రూపాయల 78 పైసలు. అంటే దాదాపు ఒక గుడ్డు ధర. ఈ డబ్బులో గుడ్డు పెట్టమని వండే అక్కను అడగడం అన్యాయం. రాష్ట్రం వేరుగా ఇవ్వాల్సిందే. సంఘం శాశ్వతంగా గుడ్లు కొనిపెడితే ముంబైలో కూర్చున్నవాళ్లు "చూశారా, లోక్ సహభాగ్ విజయం" అని మన ఫోటోనే వేసుకుంటారు.

అలాగని పిల్ల ఎముక మన ధర్నా తేలేదాకా ఆగి పెరగదు. అందుకని మేము చెప్పేది, పెడదాం. ఒక్క విద్యా సంవత్సరం, ఒక్క బడిలో, లెక్క రాసి పెడదాం. అరవై మంది పిల్లలు, వారానికి మూడు గుడ్లు, గుడ్డుకు 7 రూపాయలు, ముప్పై అయిదు వారాలు. 44,100 రూపాయలు. మన పోయిన వార్షికోత్సవం ఖర్చు కాగితం కోశాధికారి గారి దగ్గర ఉంది, తీసి పక్కన పెట్టి చూడండి. నెలనెలా ఆ లెక్క నకలు జిల్లా పరిషద్‌కు పంపుదాం, ఇది మా దానం కాదు, మీరు మా పిల్లలకు పడ్డ బాకీ అని పైన రాసి. ఫోటోలు వద్దు. ఫ్లెక్సీ అసలే వద్దు.

అదే సమయంలో అడగాల్సిన చోట అడుగుదాం. గుడ్డు మళ్లీ రాష్ట్రం ఖర్చుతోనే, షెడ్యూల్డ్ ప్రాంతంలోనైనా వారానికి మూడు చొప్పున పెట్టాలని కలెక్టరు గారికి, ముఖ్యమంత్రి గారికి సంఘం తీర్మానం పోవాలి. ప్రతి ఊరి గ్రామసభలో ఇదే తీర్మానం కావాలి. పేసా గ్రామపంచాయతీలకు 2015 నుంచి ఆదివాసీ ఉపప్రణాళికలో 5 శాతం నిధి నేరుగా వస్తుంది. అందులో ఆరోగ్యం, విద్య పద్దు ఉంది. రోడ్డుకూ, గేటుకూ, రంగులకూ వచ్చిన డబ్బు పిల్లల గుడ్డుకు రాదని ఎవరైనా అంటే, ఆ మాట కాగితం మీద రాసిమ్మందాం.

బడి వ్యవస్థాపన సమితిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, అందులో సగం ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టం. ఉన్నారు కూడా, సంతకాల కోసం. సమావేశం మరాఠీలో, రాసేది మరాఠీలో, మెనూ బోర్డు మరాఠీలో. మన తల్లులకు తెలుగు తప్ప రాదు. "ఇక్కడ పెట్టు వేలు" అంటే పెడుతున్నారు. మన సంఘంలో రెండు భాషలూ చదివినవాళ్లు యాభై మంది ఉన్నారు. నెలకు ఒక్క గంట పోయి, ఆ బోర్డు మీద ఏముందో, పప్పు ఎన్ని గ్రాములో, కూర ఎంతో తెలుగులో చదివి వినిపించలేరా? ఆ ఒక్క గంట ఒక శాలువకన్నా విలువైన సన్మానం.

మేడిగడ్డ బ్యారేజీ వెనక నీళ్లకు పొలాలు మునిగినప్పుడు మనవాళ్లు పరిహారం కోసం రోజుల తరబడి దీక్షల్లో కూర్చున్నారు. తప్పేం కాదు, భూమి అంటే బతుకు. 2022లో ప్రాణహిత పుష్కరాలకు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లకు పన్నెండు రోజులు అన్నం పెట్టాం, ఎవరి పేరూ కులమూ అడగలేదు. పోరాడటం మనకు వచ్చు, వడ్డించడమూ వచ్చు. ఆ రెండూ మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతున్నాయి? పరాయివాడి ఆకలి పుణ్యం, సొంత ఊరి పిల్ల ఆకలి "సర్కారు పని" ఎప్పుడయింది?

అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారు. మన సర్కారు ఇంకో మెట్టు ఎక్కి, నేను పెట్టను, మీరే అడుక్కుని పెట్టుకోండి అంటోంది. దానికి తలూపి ఊరుకుందామా?

వచ్చే సమావేశంలో ఈ తీర్మానం మళ్లీ పెడుతున్నాం. వ్యతిరేకించేవాళ్లు తప్పకుండా రండి. రావడానికి ముందు ఒక్క పని చేయండి. ఏదో ఒక రోజు మధ్యాహ్నం మీ ఊరి బడికి పోయి, పిల్లల వరసలో కూర్చుని, వాళ్లకు పెట్టిందే అదే పళ్లెంలో తినండి. తిన్న తర్వాత కూడా శాలువే కావాలనిపిస్తే, మేమే మీకు కప్పుతాం.